చెరువు మట్టి అని చెప్పాను

నాకు కోపం ఎక్కువని ఇంట్లో వాళ్లూ అంటారు, సైటులో వాళ్లూ అంటారు, చివరికి మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూడా అంటాడు. నిజమే, కాదనను. మాట పడను, మాట దాచను అని నా గురించి నేనే గొప్పలు చెప్పుకుంటూ తిరిగేదాన్ని. అలాంటిదాన్ని, నన్ను బిడ్డా అని పిలిచిన ఒక పెద్దావిడకు నాలుగు నెలల పాటు అబద్ధం చెప్పాను. పెద్ద అబద్ధం కూడా కాదు, మూడు మాటలు. ఇది చెరువు మట్టి.

నేను మొక్కల పని చూసే సూపర్‌వైజర్ని. సికింద్రాబాద్ శివారులో ఒక సంస్థకు చాలా బీడు భూమి ఉంది. అందులో కానుగ, వేప, టేకు మొక్కలు నాటించి, మూడేళ్లు పెంచి అప్పజెప్పాలి. మా కాంట్రాక్టరు ఒప్పుకున్న పని అది. ఆయన ఆఫీసు బేగంపేటలో, ఏసీ గదిలో. నా ఆఫీసు ఒక రేకుల షెడ్డు. నేల చూస్తే ఉత్త మొరం. గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. మొదటి ఏడు నాటిన మొక్కల్లో సగం ఎండాకాలానికి పుల్లలై నిలబడ్డాయి. అప్పుడు పైవాళ్లు ఒక ఏర్పాటు చేశారు. ఊరి మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటులో చివరికి అడుగున బురద మిగులుతుంది. దాన్ని శుద్ధి చేసి, ఎండబెట్టి, పొడి చేసి లారీల్లో మాకు పంపుతారు. మేం మొక్కల పాదుల్లో వేయాలి.

అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే అంటాను. పరీక్షలు చేసిన ఎరువే. అడవి చెట్లకు వేయొచ్చు, తినే పంటలకు వేయొద్దు, పని చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి అని ఇంగ్లీషులో ఒక కాగితం రాసి మొదటి లారీతోనే పంపారు. గ్లౌజుల పెట్టె కూడా పంపారు. కాగితం రాసినవాళ్లు వాళ్ల పని వాళ్లు సరిగ్గానే చేశారు. చదివినదాన్ని నేను.

ఎందుకు దాచావు అంటే, నాకొక సాకు ఉంది. దానికి ముందు ఇంకో సైటులో ఇదే ఎరువు వచ్చినప్పుడు నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అరగంటలో తట్టలన్నీ కిందపడ్డాయి. "మేమేం గతిలేనోళ్లమా మేడం?" అని ఒకామె నా మొహం మీదే అడిగి వెళ్లిపోయింది. ఆ వారమంతా కాంట్రాక్టరు ఫోనులో నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. వానాకాలం ముంచుకొస్తోంది, పాదుల్లో ఎరువు పడకపోతే ఆ ఏడు గోవిందా. ఈసారి ఆ తప్పు చెయ్యను అనుకున్నాను. నిజం చెప్పడం తప్పని ఎంత సులువుగా నేర్చుకున్నానో చూడండి.

ఈ సైటుకు పనికి వచ్చేది పదకొండు మంది ఆడవాళ్లు, అందరూ మెట్టుగూడలో మా వీధి వెనక బస్తీ వాళ్లే. పొద్దున్నే ట్రాలీ ఆటోలో వచ్చేవాళ్లు. వాళ్లకు పెద్ద దిక్కు ఒకావిడ. అరవై దాటి ఉంటాయి. అందరూ పెద్దమ్మా అనేవాళ్లు, నేనూ అలాగే అనేదాన్ని. మనిషి సన్నం, గొంతు మాత్రం గేటు దాకా వినిపిస్తుంది. నేను ఎవరి మీదైనా అరిస్తే, "ఆగు బిడ్డా, నీళ్లు తాగి మల్ల తిట్టు" అనేది. నాకు నవ్వొచ్చి తిట్టడం మరిచిపోయేదాన్ని.

మొదటి లారీ దిగిన రోజు ఆమె ఆ కుప్ప దగ్గర కూర్చుని పిడికెడు తీసి నలిపింది. ఎండిపోయాక దానికి పెద్దగా వాసన ఉండదు.

"ఏం మట్టి బిడ్డా గిది, గింత నల్లగున్నది?"

"చెరువు మట్టి పెద్దమ్మా. పూడిక తీసింది."

అంతే. ఆమె మొహం విప్పారింది. "అట్ల జెప్పు! మా అవ్వగారింటి కాడ ఎండకాలమొస్తే చెరువు మట్టి బండ్లల్ల తోలుతుండె. బంగారం గది. ఓసి పిల్లలారా, రాండ్రి, చెరువు మట్టంట!"

అందరూ వచ్చారు. చేతులతో ఎత్తారు, చేతులతో పాదుల్లో సర్దారు. నేను గ్లౌజుల పెట్టెను షెడ్డులో పాత పైపుల వెనక్కి నెట్టేశాను. చెరువు మట్టికి గ్లౌజులెందుకు అని అడుగుతారు కదా! ఒక అబద్ధం ఆడాక మిగతావన్నీ దానికి కాపలా పనులే. బదులుగా రెజిమెంటల్ బజారుకు పోయి సబ్బుల పెట్టె కొనుక్కొచ్చాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేతులు కడుక్కోండి అని వెంటపడేదాన్ని. "సబ్బు మేడం" అని పేరు పెట్టారు నాకు. పేరుకు నవ్వేదాన్ని కానీ లోపల నవ్వొచ్చేది కాదు.

రెండు వానలు పడ్డాయో లేదో పాదుల్లో కుప్పలుగా టమాటా నారు మొలిచింది. ఎవరూ వేయలేదు. టమాటా గింజ మనిషి కడుపులోంచి బయటపడి, మురుగులో కొట్టుకొచ్చి, ఎండకు ఎండి కూడా ఒక్కోసారి చావదు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్లకు తెలియదు కాబట్టి చప్పట్లు కొట్టినంత పని చేశారు. "చెరువు మట్టి మహిమ" అంది పెద్దమ్మ. మొక్కల బలం లాగేస్తాయి, పీకేయండి అని గట్టిగా అరిచాను. పీకారు. పీకి పారేయకుండా కొంగుల్లో కట్టుకుని ఇళ్లకు తీసుకుపోయి పగిలిన బకెట్లలో నాటుకున్నారు. నాకు తెలిసేసరికి పూత కూడా వచ్చింది.

వినాయక చవితి దాటాక ఒకరోజు పెద్దమ్మ నా కోసం వేరే డబ్బాలో టమాటా తొక్కు తెచ్చింది. వాళ్లింటి బకెట్లో కాసినవే.

"ఇయ్యాల ఉపవాసం పెద్దమ్మా" అన్నాను.

మూడు రోజులకు మళ్లీ తెచ్చింది. మళ్లీ ఉపవాసమే అన్నాను.

"వారానికి ఎన్ని ఉపవాసాలు బిడ్డా నీకు? గిట్లైతే గాలికి ఎగిరిపోతవ్" అని అందరిలో నవ్వింది. డబ్బా పక్కకు తీసి పెట్టుకుంది. ఆవిడ తిన్నది. వాళ్లింట్లో అందరూ తింటున్నారు. ఉడికించి, పోపు పెట్టి చేసిందే కదా, ఏం కాదులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఏం కాలేదు కూడా. మరి నేనెందుకు తినలేదు?

ఆ తర్వాత నాలుగైదు రోజులకే ఆ అడగకూడని మాట అడిగింది. సాయంత్రం పని అయిపోయి అందరూ ఆటో ఎక్కుతున్నారు. పెద్దమ్మ ఖాళీ సంచి ఒకటి పట్టుకుని షెడ్డు దగ్గరకు వచ్చింది.

"బిడ్డా, ఒక సంచెడు మట్టి తీస్కపోతా. రేపటి సంది మా పిల్లలు బొడ్డెమ్మ పెడ్తరు."

బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు ఆడపిల్లలు ఆడుకునే పండగ బొడ్డెమ్మ. పీట మీద మట్టితో మెట్లు మెట్లుగా అమ్మవారిని చేసి, అలికి, ముగ్గులేసి, పూలు పెట్టి, సాయంత్రాలు చుట్టూ తిరిగి పాడతారు. నేనూ చిన్నప్పుడు ఆడాను. దానికి పుట్టమన్ను కావాలి, అదీ శుభ్రమైన చోటు నుంచి, స్నానం చేసి వెళ్లి తేవాలి. మా అమ్మ చెప్పులు విప్పి మరీ తవ్వేది.

"పుట్టమన్ను తోటి కదా చేసేది?" అన్నాను.

"సిటీల పుట్ట ఏడ దొరుకుతది బిడ్డా? పోయినేడు మొరం తోటి చేస్తే రెండో దినానికే పగిలిపాయె. నా మనుమరాలు ఒకటే ఏడుపు. చెరువు మట్టిల గంగమ్మ ఉంటది. అమ్మవారికి గంతకన్న మంచిది ఏమున్నది?"

అప్పుడు చెప్పాల్సింది. ఆ క్షణంలో, అక్కడే. చుట్టూ ఎవరూ లేరు. వద్దు పెద్దమ్మా అంటే సరిపోయేది, ఏదో వంక చెబితే కూడా సరిపోయేది. వంకలకు నేనేమైనా తక్కువ తిన్నానా? కానీ వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకని అడిగితే నాలుగు నెలల మట్టి గురించి చెప్పాలి. ఇంకా రెండు లారీల ఎరువు కుప్ప అక్కడే ఉంది. ఆటో అతను హారన్ కొడుతున్నాడు.

"తీస్కపో" అన్నాను.

ఆమె సంచి నింపుకునే ముందు చెప్పులు విప్పింది. నేను లోపలికి వెళ్లిపోయాను.

నాలుగో రోజు సాయంత్రం నన్ను పిలిచింది. రానంటే ఊరుకోలేదు. "మా ఇల్లు జెర చిన్నగుంటది గని, మేడం వచ్చిందంటే పిల్లలు ఖుషీ అయితరు" అంది. వీధి వెనకే కదా, తప్పించుకోవడానికి దూరం కూడా లేదు. వెళ్లాను. బస్తీలో సందు చివర ఇల్లు. ముందు ఊడ్చి, చల్లి, ముగ్గేసి ఉంది. పీట మీద బొడ్డెమ్మ. ఎర్రమట్టి కలిపి గట్టిపరిచి, పైన పేడతో అలికి, మెట్టుమెట్టుకూ బంతిపూలు, గునుగు పూలు పెట్టారు. ఎంత బాగుందో! నేను చిన్నప్పుడు చేసినదాని కంటే బాగుంది. ఏడెనిమిది మంది ఆడపిల్లలు కొత్త గౌన్లు వేసుకుని నిలబడ్డారు. పెద్దమ్మ మనవరాలికి ఎనిమిదేళ్లుంటాయేమో, నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, "ఈ మెట్టు నేనే చేసిన ఆంటీ" అని చూపించింది. గోళ్లలో ఇంకా నల్లగా ఉంది.

"ముందుగాల నువ్వు పసుపు పెట్టు బిడ్డా" అని పెద్దమ్మ పళ్లెం నా ముందు పట్టింది.

అందరూ నా వైపే చూస్తున్నారు. నా చెయ్యి లేవలేదు. ఆ మట్టి అంటుతుందనా, లేక తెలిసి తెలిసి దానికి పసుపు పెట్టడానికి మనసొప్పకనా, ఇప్పటికీ తెలియదు. నోటికి వచ్చిన అబద్ధం ఆడేశాను.

"నేను ముట్టొద్దు పెద్దమ్మా. ఇయ్యాలనే..."

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ముట్టయినదాన్ని ఆ గడపలోకి ఎలా వచ్చాను? అమ్మవారి ఎదుట అంతసేపు ఎలా నిలబడ్డాను? ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ఏ ఆడదీ చెప్పని అబద్ధం అది. పైగా పది రోజుల కిందటే సైటులో నెలసరి కడుపునొప్పి అని గోళీ ఈవిడ దగ్గరే అడిగి వేసుకున్నాను.

పెద్దమ్మ పళ్లెం అలాగే పట్టుకుని నన్ను చూసింది. తర్వాత మిగతా వాళ్లవైపు తిరిగి, "మేడంకు పానం మంచిగ లేదట, మీరు షురూ చెయ్యిండ్రి" అంది. పిల్లలు పాట అందుకున్నారు. పాట అయ్యాక అటుకులూ బెల్లం పంచారు. మనవరాలు అదే చేత్తో తినబోయింది. "సబ్బుతో కడుక్కోమ్మా" అన్నాను, గొంతు పెద్దగా వచ్చింది. "దేవుని మట్టి గదా ఆంటీ" అంది ఆ పిల్ల, నవ్వి నోట్లో పెట్టుకుంది. ఆ నవ్వు చూశాక నేను అక్కడ ఉండలేకపోయాను.

మర్నాడు పొద్దున పెద్దమ్మ ఆటో దిగి నేరుగా షెడ్డుకు వచ్చింది. మిగతా వాళ్లను, "మీరు నడువుండ్రి, వస్త" అని పంపేసింది.

"నిన్న అబద్ధమెందుకు జెప్పినవ్ బిడ్డా?"

"ఏం అబద్ధం? ఏంది పెద్దమ్మా పొద్దుపొద్దున్నే!" అని ఎగిరాను. తప్పు చేసినవాళ్లకు ఒక కోపం వస్తుంది చూడండి, అది వచ్చింది నాకు.

ఆమె నీళ్లు తాగి తిట్టు అనలేదు. నిలబడే అడిగింది. "నువ్వు గా మట్టిని ఒక్కనాడు సుత ముట్టలే. నేను చూస్తనే ఉన్న. నీ చెప్పుకు అంటితే రాయికి గీకుతవ్. నా ఇంటి తొక్కు తినకపోతివి. నిన్న అమ్మవారికి పసుపు పెట్టకపోతివి. నిజం చెప్పు. ఏమున్నది గా మట్టిల?"

చెప్పేశాను. మురుగు గురించి, ప్లాంటు గురించి, శుద్ధి గురించి, పరీక్షల గురించి, అంతా గబగబా చెప్పాను. శుద్ధి అన్న మాట ఎన్నిసార్లు అన్నానో. ఆమె అదంతా వినలేదు. ఒక్కటే అడిగింది.

"మనుషులదా?"

"అవును."

"నాకెందుకు జెప్పలే?"

"చెప్తే పనికి రారేమో అనుకున్న."

"అడిగినవా?"

పైపుల వెనక ఉన్న గ్లౌజుల పెట్టె వైపు చూశాను.

"పాతికేండ్లు దవాఖానల ఆయా పని చేసిన" అంది పెద్దమ్మ. గేటు దాకా వినిపించే గొంతు, ఆ రోజు నాకే కష్టంగా వినిపించింది. "ముసలోళ్లయి, పసిపోరలయి, అందరియి ఎత్తిన, కడిగిన. దాన్ని జూసి నాకు భయమా? నువ్వు జెప్పినా పని జేసేదాన్నే బిడ్డా. చేతులకు గుడ్డ చుట్టుకోని జేసేదాన్ని. అమ్మవారిని మాత్రం జెయ్యకపోదును."

నేను ఆమె చేతులు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు. "పొద్దుగాల అమ్మవారిని అలికిన చేతులు, కడుక్కోలే ఇంకా" అంది.

మధ్యాహ్నం అన్నాల వేళ నేనే అందరికీ చెప్పాను. పైపుల వెనక నుంచి గ్లౌజుల పెట్టె తెచ్చి మధ్యలో పెట్టి, ఇది మొదటి రోజు నుంచి ఇక్కడే ఉంది అని కూడా చెప్పాను. అందరికంటే చిన్నామె వాంతి చేసుకుంది. ఇంకొకామె తన తట్టను తీసుకొచ్చి నా కాళ్ల ముందు విసిరింది, "నీ ఇంట్ల పిల్లలతోని ఎత్తించు" అని. ముగ్గురు ఆ రోజే మానేశారు. మిగతావాళ్లు గ్లౌజులు తొడుక్కుని పనిలోకి దిగారు. ఎవరూ నవ్వలేదు. సబ్బు మేడం అని ఎవరూ పిలవలేదు. నన్ను తిట్టినా బాగుండేది అనిపించింది.

సాయంత్రం ఆటో ఎక్కబోతున్న పెద్దమ్మను ఆపి, "పిల్లలకు నేనొచ్చి చెప్తా" అన్నాను.

"నువ్వు రాకు." ఆటో కమ్మీ పట్టుకుని మళ్లీ అంది. "ఐదు దినాలాయె ఆ పోరలు దానికి మొక్కవట్టి. ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె? ఏడుస్తరు. పెద్దగైనంక సుత అది యాదికొస్తది. వద్దు. చేతులు నేను కడిగిస్త. అమాస దాక నేను చూసుకుంట. చెరువు మట్టే అని నేనే చెప్పుకుంట."

అమావాస్య రోజు సాయంత్రం వాళ్లు బొడ్డెమ్మను ఎత్తుకుని మా వీధి మీదుగానే సాగనంపడానికి వెళ్లారు. పిల్లలు పాడుతున్నారు. పాటలో ముందు గొంతు పెద్దమ్మదే. నేను పై అంతస్తులో తలుపు వేసుకుని విన్నాను. తెలిసి కూడా ఆ పాట అంత గట్టిగా పాడాల్సి వచ్చింది ఆమెకు, నా వల్ల.

ఎరువు కుప్ప అయిపోయేదాకా వచ్చింది పెద్దమ్మ. ఆ తర్వాత ఫంక్షన్ హాల్లో పని దొరికిందని మానేసింది. మొక్కలు మాత్రం నా ఎత్తు దాటాయి. బేగంపేట ఆఫీసులో కాంట్రాక్టరు వాటి ఫొటోలు గోడకు పెట్టించి, "లేబర్‌ను భలే ఒప్పించావమ్మా" అని నలుగురిలో మెచ్చుకున్నాడు. ఒప్పించలేదు సార్, అడగనే లేదు అన్నాను. ఆయన జోకనుకుని నవ్వాడు.

మొన్న దీపావళి ముందు రెజిమెంటల్ బజారులో ప్రమిదలు కొంటుంటే ఎవరో నా కొంగు లాగారు. పెద్దమ్మ మనవరాలు. వెనకే పెద్దమ్మ. నేను బాగున్నావా అన్నాను, ఆమె బాగున్న అంది. ఇద్దరం ప్రమిదలు ఏరడంలో పడ్డాం. పిల్లకేం, గలగలా మాట్లాడుతోంది. ఆ ఏడు వాళ్ల బొడ్డెమ్మ పగలకుండా తొమ్మిది రోజులూ నిలబడిందట. వీధిలో అందరి కంటే వీళ్లదే బాగుందన్నారట.

"ఆ చెరువు ఏడుంది ఆంటీ? మా అందరికి ఒకపారి చూపిస్తవా?"

చెప్పేద్దామనే అనుకున్నాను, ఒట్టు. నా కంటే ముందు పెద్దమ్మ అందుకుంది, నా వైపు చూడకుండా.

"ఎండిపాయె బిడ్డా ఆ చెరువు. ఇగ లేదది."

"అయ్యో" అంది ఆ పిల్ల. ఆ లేని చెరువు కోసం నిజంగానే బాధపడింది.